వరద గుంతలో మక్కచేను

ఆ కాలంలో కామారెడ్డిలో మనుషులకే కాదు, వాన నీళ్ళకు కూడా ఒక ఇల్లుండేది. ఊరు దాటి రైలు కట్ట వైపు నడిస్తే కట్ట కింద పెద్ద గుంత కనిపించేది. పట్టాలు వేసేటప్పుడు కట్టకు మన్ను కావాలని తవ్విన గుంత అది. మన్ను కట్టకు పోయింది, గుంత మాకు మిగిలింది. గట్టి వాన కొడితే ఊళ్ళో మోరీల నీళ్ళన్నీ, పైన చెరువు అలుగు దుంకితే ఆ నీళ్ళూ, ఒకే కాలువలో కలిసి వచ్చి ఆ గుంతలో దిగేవి. కొన్నాళ్ళు అక్కడ కూర్చుని అలుపు తీర్చుకుని, కట్ట కింది తూములోంచి మెల్లగా పొలాల వైపు వెళ్ళిపోయేవి. ఆ గుంత ఒడ్డు మీదనే మా బస్తీ. ఊళ్ళోవాళ్ళు మమ్మల్ని 'గుంతోళ్ళు' అనేవారు. అనుకోనీ. వాళ్ళ ఇళ్ళలోకి నీళ్ళు రాకుండా ఆపింది మా గుంతే కదా. ఇప్పుడు ఆ గుంతా లేదు, ఆ బస్తీ పేరూ లేదు, గుంతోళ్ళలో బతికున్నది కూడా నేనొక్కదాన్నే కాబోలు. అందుకే ఈ సంగతి రాసి పెడుతున్నాను. నేను అక్షరాలు నేర్చుకున్నది నా మనవరాలు పలక పట్టినప్పుడు, దాని పక్కన కూర్చుని. (అది నాకంటే ముందు నేర్చుకుంది. నాకు రాని ఒత్తులు ఇప్పటికీ అదే దిద్దుతుంది.) రాత ఆలస్యంగా వచ్చింది కానీ నోరు పుట్టుకతోనే వచ్చింది కాబట్టి, మాట్లాడినట్టే రాస్తాను. నచ్చనివాళ్ళు పక్కన పెట్టేయవచ్చు.

మాది లింగంపేట వైపు రైతు ఇల్లు. దూర దేశంలో ఏదో పెద్ద లడాయి మొదలైందనీ, గాసునూనె దొరకదనీ జనం స్టేషన్లో చెప్పుకునే రోజుల్లో నాకు పెళ్ళయింది. మా ఆయన స్టేషన్ దగ్గర బెల్లం బస్తాలు మోసేవాడు. మనిషి నెమ్మది. ఇంటికి వచ్చేసరికి ఒళ్ళంతా బెల్లం వాసన, వెనకాలే ఈగల దండు. పెళ్ళి సంబంధం వానాకాలంలో కుదిరింది. అప్పుడు చూడటానికి వచ్చిన మా బాపుకు గుంత నిండా నీళ్ళు, నీళ్ళ మీద కొంగలు కనిపించాయి. ఆయన లింగంపేటకు తిరిగి వచ్చి, "బిడ్డ ఇంటి ముంగట చెరువున్నదే, ఇగ దానికి ఏం తక్కువ!" అని ఊరంతా చెప్పుకున్నాడు. నేను కాపురానికి వచ్చింది ఎండాకాలంలో. పొద్దున లేచి, చెరువు ఒడ్డున ముఖం కడుక్కుందామని వేపపుల్ల నోట్లో పెట్టుకుని బయటికి వచ్చి చూస్తే, నెర్రెలు విచ్చిన పెద్ద గుంత, అందులో నాలుగు గాడిదలు, ఎవరో ఎండబెట్టిన పిడకలు.

"అత్తా, చెరువేది?" అన్నాను.

మా అత్త చాటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తకుండానే, "గదే," అంది.

"నీళ్ళు లేవు గదా?"

"ఊరికి పోయినయి. మిరుగుల వస్తయి."

చుట్టాల గురించి చెప్పినట్టే చెప్పింది. నేను గుంత చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను. నాలో రైతు బిడ్డ మేలుకుంది. కాలువ గుంతలోకి దిగే మూతి దగ్గర నేల నల్లగా, మెత్తగా, చేతిలో పట్టి పిండితే వెన్నలా ఉంది. ఏళ్ళ తరబడి ఊరి మోరీల సారమంతా అక్కడే పడింది మరి. అలాంటి భూమి మా లింగంపేటలో ఉంటే అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునేవారు. ఇక్కడ గాడిదలు పడుకుంటున్నాయి! నాకు ఆ పూట అన్నం సహించలేదు.

"అత్తా, గా జాగ ఎవలది?"

"ఎవలదీ కాదు, నీళ్ళది."

"నీళ్ళు వచ్చేదాంక ఉత్తగనే ఉంటదా?"

"ఉత్తగనే ఉంటది. ఉంటే నీకేమయింది?"

నాకేమయిందో ఆమెకు ఎలా చెప్పను? అత్తగారింటికి పంపేటప్పుడు మా బాపు నా చీర కొంగులో మూరెడు గుడ్డ మూట కట్టాడు. అందులో మక్క గింజలు, కొందరు మొక్కజొన్న అంటారే, అవి. "ఏడ జరంత జాగ దొరికితే ఆడ పెట్టుకో బిడ్డా, కడుపుకు కరువుండదు" అన్నాడు. ఆ మూట అటక మీద నుంచి రోజూ నా వైపు చూస్తోంది. రాత్రి మా ఆయన్ని అడిగాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "పెడితే పెట్టు. నేను చెప్పిన అని మాత్రం మా అమ్మతోటి అనకు" అని అటు తిరిగి పడుకున్నాడు. (ఆయన జీవితమంతా అన్ని విషయాల్లోనూ ఇదే సలహా ఇచ్చాడు. ఒక్కసారీ తప్పలేదు.)

మిరుగు కార్తెలో తొలి జల్లు పడగానే గుంతలో మక్కలు పెట్టాను. పెట్టి ఊరుకున్నానా? చేనుకు నీళ్ళు తగలకుండా కాలువ మూతికి అడ్డంగా కట్ట వేశాను. కట్ట పెట్టడమంటే మా ఇంట్లో మాటలు కాదు. మా బాపు వరి మడికి ఒడ్డు పెడితే పక్క ఊరివాళ్ళు వచ్చి చూసిపోయేవారు. ఆయన పెట్టినట్టే పచ్చిగడ్డి పెళ్ళలు కోసి, ఒక వరస గడ్డి, ఒక వరస రాళ్ళు, ఒక వరస బంకమన్ను వేసి, దాని మీదికెక్కి కాళ్ళతో తొక్కి తొక్కి రోకలిబండతో దిమ్మిస కొట్టాను. చిన్న వానలకు నీళ్ళు పోవడానికి పక్కనుంచి సన్న కాలువ కూడా తీశాను. నా ఆడబిడ్డ తట్టలు మోసింది. నా ఈడుదే, నాకంటే జానెడు పొడుగు, మాట్లాడితే స్టేషన్ దాకా వినపడేది.

గాడిదలవ్వ ఒడ్డు మీద నిలబడి ఇదంతా చూసింది. ఊళ్ళో బట్టలు తెచ్చి ఉతికే ముసలమ్మ. ఆ నాలుగు గాడిదలూ ఆమెవే కాబట్టి బస్తీలో అందరూ అలాగే పిలిచేవారు.

"ఏం పిల్లా, నా గాడిదల జాగల గుడి కడుతున్నవా?"

"చేను పెడుతున్న అవ్వా. నీ గాడిదలను ఇటు రానియ్యకు, నా మక్కలు తింటయి."

"నా గాడిదలకు నీ అంత ఆత్రం లేదు తల్లీ. నీ మక్కలు తినేది అవి గాదు, వరద. అది ఒచ్చిననాడు నాకు యాదిజెయ్యి, జర ఒడ్డు మీద కూసోని చూస్త."

ఆ ఏడు వానలు పలచగా పడ్డాయి. చినుకులు వచ్చినప్పుడల్లా నీళ్ళు బుద్ధిగా నా సన్న కాలువలోంచి పక్కకు పోయి, గుంత నడుమ చిన్న మడుగు కట్టి, ఎండిపోయాయి. దాంతో నా నడక మారిపోయింది. బిందె చంకన పెట్టుకుని బావికి పోయేటప్పుడు కూడా పెద్ద ఇంజినీరు నడిచినట్టే నడిచేదాన్ని. నాతో పాటు బస్తీ కూడా మారింది. మొలకలప్పుడు నవ్వినవాళ్ళు మోకాలెత్తు పెరిగాక నవ్వడం మానేశారు. మనిషెత్తు పెరిగి కంకులు వేశాక, ఒకామె నాకు పచ్చిమిరపకాయలు ఇచ్చింది, ఒకామె మా మేకకు తుమ్మకాయలు తెచ్చింది. గాడిదలవ్వ కూడా మా గడపలో కూర్చుని, "పిల్లా, పాలకంకులు ఎప్పుడు దింపుతవ్? నా మన్మడు కాల్చిన మక్కంటే పడి సస్తడు" అంది. (ఆ మనవడికి అప్పటికి ఒక్క పన్ను కూడా రాలేదు.) ఇక మా అత్తయితే, 'ఎవలదీ కాదు, నీళ్ళది' అన్న ఆ అత్తే, బావి దగ్గర ఆడవాళ్ళతో "మా చేను" అనడం నా చెవులారా విన్నాను.

శ్రావణంలో ఎల్లారెడ్డి నుంచి నా ఆడబిడ్డకు సంబంధం వచ్చింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకుముందు దాన్ని చూడటానికి రెండు ఇళ్ళవాళ్ళు వచ్చి వద్దన్నారు. ఒకరు పిల్ల మరీ పొడుగన్నారు. ఇంకొకరు నేరుగా, "పిల్ల గొంతు జబ్బర్దస్త్ ఉన్నది, మా పిలగాడు జర మెత్తన" అని లేచిపోయారు. మా మామ లేడు, ఏనాడో పోయాడు. ఆడపిల్లను ఒక ఇంటి దానిని చెయ్యకపోతే తనకు చావు కూడా రాదని మా అత్త ఏడ్చేది. పగలంతా గట్టిగా తిరిగే మనిషి, కూతురు కంచంలో అన్నం పెట్టేటప్పుడు మాత్రం ముక్కు చీదేది. ఎల్లారెడ్డివాళ్ళది మంచి ఇల్లు. వాగు పక్కన చేన్లు, ఇంట్లో పాడి, కొడుకు బుద్ధిమంతుడు. కానీ ఆ పిల్లాడి తల్లి, అంటే ఎల్లారెడ్డి అవ్వ, చూసిన పిల్లనల్లా వద్దనే మనిషని ముందే కబురు చేరింది. ఈ సంబంధం కూడా తప్పితే మళ్ళీ మా గడప ఎవరూ తొక్కరని మా అందరికీ తెలుసు.

మా అత్త పది రోజుల ముందు నుంచే కూతురికి తాలీమ్ ఇచ్చింది. "తల ఎత్తకు. పెద్ద పెద్ద అంగలు వెయ్యకు. నిలవడ్డప్పుడు జర మోకాళ్ళు వంచు, పొట్టిగ కనవడుతవ్. గొంతు లేపినవనుకో, నాలిక కోస్త." ఆడబిడ్డ పొయ్యి దగ్గర నాతో గుసగుసగా మాట్లాడటం అలవాటు చేసుకుంటుంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి. "వదినా, ఉప్పెయ్యనా?" అని అది చెవి దగ్గరకు వచ్చి అడిగితే దొంగతనానికి బయల్దేరినట్టుండేది. చుట్టాలకు ఏం పెట్టాలన్న మాట వచ్చినప్పుడు మాత్రం మా అత్త నా వైపు తిరిగి, "మన చేను మక్కలతోటి గారెలు చేద్దాం. ఎల్లారెడ్డోళ్ళు చూడని గారెలు పెడదాం" అంది. నాకు ఆ మాట ఏనుగెక్కినంత పనయింది.

వాళ్ళు వచ్చిన రోజు పొద్దున ఎండ కాసింది. మక్కలు వలిచి రోట్లో రుబ్బి, పెద్ద గిన్నె నిండా పిండి చేసి పెట్టాను. సవారీ బండి మా ఇంటి ముందు ఆగేసరికి ఊరివైపు మబ్బు పట్టింది. ఎల్లారెడ్డి అవ్వ దిగింది. భారీ మనిషి, ముక్కుకు పెద్ద నత్తు, కాళ్ళకు కొత్త తోలు చెప్పులు. వెంట ఆమె తమ్ముడు, అంటే పిల్లాడి మేనమామ. ఆయన మా ఇంట్లో ఉన్నంతసేపూ మాట్లాడింది ఒకే ఒక్క మాట, "అవునవును". అవ్వ గడపలో చెప్పులు విడిచి, మంచం మీద కూర్చుని, ఇంటి దూలాలు మొదలుకొని పొయ్యి రాళ్ళ దాకా అన్నీ చూసింది. నా ఆడబిడ్డ వచ్చి మోకాళ్ళు వంచి నిలబడింది.

"ఏం చేస్తవ్ బిడ్డా ఇంట్ల?"

ఆడబిడ్డ పెదవులు కదిలాయి. ఏం చెప్పిందో మాకే వినపడలేదు.

"ఆఁ?"

"వంట... పని... అన్నీ..." అంది, చీమ తుమ్మినట్టు.

అవ్వ తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు "అవునవును" అన్నాడు. అవ్వ ముఖం మాడింది. సరిగ్గా అప్పుడే పెంకుల మీద రాళ్ళు పోసినట్టు వాన మొదలైంది. అలాంటి వాన నేను ఇక్కడికి వచ్చాక చూడలేదు. చూరు నీళ్ళు తెర కట్టినట్టు పడుతున్నాయి. పక్కన ఉన్నవాళ్ళ మాట పక్కనవాళ్ళకు వినపడటం లేదు. మా ఆయన బండి ఎడ్లను మిట్ట మీదికి తోలుకుపోయాడు. నేను గారెలకు నూనె కాగబెడుతూ, వాన మంచిదే, చుట్టాలు లేచిపోలేరు, వేడి వేడి గారెలు తిన్నాక మనసు మారుతుందిలే అని లెక్క వేస్తున్నాను.

మొదట చూసింది ఎల్లారెడ్డి అవ్వే. "ఏందమ్మా గది? నా చెప్పులు పోతున్నయి!" అంది. నిజమే. గడపలో విడిచిన కొత్త చెప్పులు రెండూ తలుపు దగ్గర గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, పడవల్లా ఒకదాని వెనుక ఒకటి బయటికి వెళ్ళిపోతున్నాయి.

"ఏం గాదు వదినా, జర జల్లు," అంది మా అత్త.

ఆ మాట నోట్లో ఉండగానే ఆ జల్లు గడప దాటి లోపలికి వచ్చింది. ఎర్రటి నీళ్ళు. చాప తేలింది, పీట తేలింది, నేను రుబ్బిన పిండి గిన్నె పొయ్యి దగ్గర నుంచి దర్జాగా బయల్దేరి అవ్వ కాళ్ళ ముందు ఆగింది. పొయ్యి ఆరి పొగ లేచింది. మా మేక ఒక్క గెంతు గెంతి మంచమెక్కి అవ్వ పక్కన కూర్చుంది. అవ్వ దాన్ని ఒకసారి చూసి కాళ్ళు పైకి లాక్కుని కొంచెం జరిగి చోటిచ్చింది. ఇక మేనమామ సంగతి చెప్పనక్కరలేదు, మా ధాన్యం గుమ్మి ఎక్కి కూర్చున్నాడు.

"అమ్మో, గీ నీళ్ళేడివి? గుంత ఉండంగ ఇండ్లల్లకు ఎందుకొస్తున్నయి? మా అత్త కాలంనుంచి రాలే!" అని మా అత్త నెత్తి కొట్టుకుంటోంది. జవాబు బయటి నుంచి వచ్చింది. గాడిదలవ్వ నడుము దాకా చీర ఎగగట్టి, నాలుగు గాడిదల నడుమ, వీధిలో నీళ్ళలో నిలబడి అరుస్తోంది:

"ఎందుకొస్తున్నయా? నీ కోడలు కట్ట కట్టె గదనే! కాలువ మూతి మూసె గదా! తొవ్వ లేక నీ ఇంటికి చుట్టమొచ్చినయి! గారెలు పెట్టుండ్రి!"

నేను బయటికి ఉరికాను. ఊరి నీళ్ళన్నీ కాలువలో ఎగిరెగిరి వస్తున్నాయి. పైన చెరువు కూడా అలుగు దుంకినట్టుంది. వచ్చి, నా కట్ట ముందు ఆగి, గౌరవంగా పక్కకు తిరిగి, బస్తీ వీధిలోకి పోతున్నాయి. కట్ట ఇంచు కదల్లేదు. వంకర టింకరగా కట్టి ఉంటే ఎప్పుడో తెగిపోయేది, ఇంట్లోకి బొట్టు నీళ్ళు వచ్చేవి కావు. మా బాపు నేర్పిన పని కదా, తెగుతుందా? కట్ట అవతల గుంతలో నా మక్కచేను పొడిగా, పచ్చగా, కంకులతో తల ఊపుతోంది. కట్ట తెంపితే చేను మునుగుతుంది. తెంపకపోతే ఇళ్ళు మునుగుతాయి, చుట్టాలు పోతారు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఎంతసేపైనా, నిలబడకూడనంతసేపే.

వెనక నుంచి కేక వినపడింది. స్టేషన్ దాకా వినపడే ఆ పాత గొంతు. "వదినా! ఏం చూస్తున్నవే బొమ్మ లెక్క! మక్కలు మల్ల పెట్టుకోవచ్చు, గా చుట్టాలు మల్ల రారు!" నా ఆడబిడ్డ, పెళ్ళిచూపుల చీర మోకాళ్ళ పైకి దోపి, భుజాన పార వేసుకుని, పెద్ద పెద్ద అంగలు వేస్తూ నీళ్ళను చీల్చుకుంటూ వస్తోంది. వచ్చి కట్టెక్కి పార వేసింది. పార ఖంగుమని తిరిగొచ్చింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఖంగుమంది.

"ఏం కట్ట కట్టినవే తల్లీ! రైలోళ్ళు నీ దగ్గర కూసోని నేర్చుకోవాలె! గడ్డపార తే!"

నేను గడ్డపార తెచ్చాను. ఇద్దరం కట్ట మీద పడ్డాము. నా చేతులతో పేర్చిన రాళ్ళను నా చేతులతోనే లాగాను, అది నన్నూ మా బాపునూ మా ఏడు తరాలనూ తిడుతూ తవ్వింది. ఒక రాయి కదిలింది. తర్వాత ఏం కదిలిందో చూసే తీరిక లేదు. కట్ట నడుమ ఒక్కసారిగా నోరు తెరుచుకుంది, నీళ్ళు బండి మీద నుంచి రాళ్ళు దింపిన చప్పుడుతో గుంతలోకి దూకాయి. మక్కచేను ఒక వరస, మరో వరస, పడుకోబెట్టినట్టు పడుకుంది. బుద్ధి ఉన్నవాళ్ళెవరైనా ఒడ్డుకు పరిగెత్తుతారు. నేను గుంతలోకి దిగాను. నడుము లోతు నీళ్ళలో నిలబడి నాలుగు మక్క కర్రలు కావలించుకుని, "నా మక్కలు, నా మక్కలు" అని ఏడుస్తున్నాను. కాలి కింద మన్ను జారిపోతోంది.

"మక్కలిడువు వదినా! నన్ను పట్టుకో!"

విడవలేదు. అది ఒడ్డు మీద బోర్లా పడుకుని, నా జడ అందుకుని, చెరుకు గడ పీకినట్టు పైకి లాగింది. ఒడ్డు మీదికి వచ్చేసరికి ఒక చేతిలో దాని చెయ్యి, ఇంకో చేతిలో మక్క కర్రలు అలాగే ఉన్నాయి. వెనక్కి చూస్తే వీధిలో నీళ్ళు గిర్రున తిరిగి గుంత వైపు మళ్ళుతున్నాయి. బస్తీ అంతా గడపల్లో నిలబడి కేకలు. గాడిదలవ్వ నా వైపు చూసింది. ఆమె మాట ప్రకారం ఒడ్డు మీద కూర్చుని చూడటం మాత్రం కుదరలేదు, గాడిదలను పట్టుకోవడంలోనే సరిపోయింది.

మేమిద్దరం తల నుంచి కాలి దాకా ఎర్రమట్టితో ఇంటికి వచ్చాము. నీళ్ళు పోయాయి కానీ బురద ఉంది. గోడకు నీటి గీత ఉంది. మేక మంచం మీదే ఉంది. మా అత్త మమ్మల్ని చూసి, కూతురి చీర చూసి, నోరు నొక్కుకుని గోడకు చేరగిలబడిపోయింది. ఎల్లారెడ్డి అవ్వ కాళ్ళు ముడుచుకుని కూర్చుని నా ఆడబిడ్డను పైనుంచి కిందికి చూసింది. అది మోకాళ్ళు వంచడం మరిచిపోయి నిటారుగా నిలబడి ఉంది.

"బయట మొత్తుకున్నది నువ్వేనా?"

ఆడబిడ్డ తల్లి వైపు చూసింది. దాచడానికి ఇంకేం మిగల్లేదు. "నేనే అవ్వా," అంది, తన సొంత గొంతుతో. మేక ఉలిక్కిపడింది.

"మరి ఇందాక గట్లెందుకు మాట్లాడినవ్, గొంతుల ఎంటికె వడ్డట్టు?"

"మా అమ్మ నాలిక కోస్తనన్నది."

మా అత్త కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. అవ్వ కడుపు కదలడం చూసి ఏడుస్తోందనుకున్నాను. ఏడుపు కాదు, నవ్వు. నత్తు ఊగేలా నవ్వి, కళ్ళు తుడుచుకుని, మా అత్తతో అంది: "వదినా, ఉన్నమాట చెప్త. మా చేన్లు వాగు ఒడ్డుకున్నయి. వానొస్తే పార పట్టుకోని ఉరికే పిల్ల కావాలె నాకు, ఈ ఒడ్డు మీద మొత్తుకుంటే ఆ ఒడ్డుకు ఇనవడాలె. గీ పిల్ల ఇందాక గుసగుసలాడంగ చూసి, ఇది మనకు పనికి రాదు, గారెలు తిని లేద్దామనుకున్న." అని నా వైపు తిరిగింది. నా చేతిలో మక్క కర్రలు ఇంకా అలాగే ఉన్నాయి. "గా కట్ట కట్టింది నువ్వేనా? మంచిగ కట్టినవ్ బిడ్డా, మా వాగుకు కూడ గసుంటి కట్ట లేదు. సరే వదినా, ఇగ పంచుకుందాం. కట్ట కట్టిన పిల్ల మీకు, కట్ట తెంపిన పిల్ల మాకు."

"అవునవును," అన్నాడు మేనమామ, గుమ్మి మీద నుంచి.

ఆ పూట గారెలు లేవు. నా చేతిలో ఉన్న కంకులే నిప్పుల మీద కాల్చి పెట్టాము. ఆ ఒక్కపూట చుట్టాల విందే నా మక్కచేను పంట మొత్తం. అవ్వ రెండు తిని, మూడోది దారిలో తింటానని కొంగున కట్టుకుంది. వెళ్ళేటప్పుడు మా ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళింది. ఆమె చెప్పుల్లో ఒకటి నీళ్ళు తీశాక గుంతలో దొరికింది, గాడిదలవ్వ కడిగి నూనె రాసి తెచ్చింది. దాన్ని పెళ్ళినాడు పళ్ళెంలో పెట్టి, తువాలు కప్పి వియ్యపురాలికి ఇచ్చాము. అప్పటి నుంచి బస్తీలో నా పేరు 'కట్ట కోడలు'. అత్త పోయింది, నేనే అత్తనయ్యాను, నా కోడలికి కోడలొచ్చింది, అయినా నా పేరు కట్ట కోడలే.

మరుసటి ఏడు శ్రావణంలో ఎల్లారెడ్డి నుంచి ఒక బస్తా వచ్చింది. విప్పితే మక్క కంకులు. తెచ్చిన జీతగాడు, "కట్ట కోడలికి ఇయ్యిమన్నది అవ్వ. ముంచిన దానికి బదులంట" అన్నాడు. అవ్వ ఉన్నంతకాలం ఏటా పంపింది. ఆమె పోయాక నా ఆడబిడ్డ తానే తెచ్చేది. వచ్చి, గడపలోంచే ఎల్లారెడ్డి దాకా వినపడేలా "వదినా!" అని అరిచేది. గుంతను తర్వాత మన్నుతో నింపేశారు. దాని మీద ఇళ్ళు లేచాయి, మంచి రంగుల ఇళ్ళు. గట్టి వాన పడితే వాటి హాళ్ళలోకి నీళ్ళు వస్తాయి. ఎదురింటి అమ్మాయి నీళ్ళు ఎత్తిపోస్తూ, "ఈ నీళ్ళు మా ఇంటికే ఎందుకొస్తాయి అవ్వా?" అని నన్ను అడుగుతుంది. మా అత్త ఉంటే ఒక్క ముక్కలో చెప్పేది. నేను చీపురు పట్టుకుని సాయానికి పోతాను.

ఆడబిడ్డ పోయి రెండు వానాకాలాలయింది. మొన్న శ్రావణంలో దాని మనవడు మోటారు సైకిల్ మీద సంచి నిండా కంకులు తెచ్చి గడపలో పెట్టాడు.

"ఎందుకు తెచ్చినవ్ బిడ్డా?"

"ఏమో అవ్వా. నాయనమ్మ పోయేముందు చెప్పింది, కట్ట అవ్వకు ఇచ్చినంకనే మనం తినాలె అని. ఎందుకో చెప్పలే. నువ్వు చెప్తవా?"

చెబుదామనుకున్నాను. పుట్టుకతో వచ్చిన నోరు పక్కన పెట్టి, నిప్పులు రాజేశాను. జీవితంలో ఆ ఒక్కసారే కావచ్చు. "కూసో, కాల్చి పెడత" అన్నాను. బయట వాన అందుకుంది. నాకు పళ్ళు లేవు, అందుకని కాల్చిన కంకి నుంచి ఒక్కొక్క గింజ ఒలిచి నోట్లో వేసుకుని చిగుళ్ళతో నలుపుతాను. అలా నలుపుతుంటే ఆ పిచ్చి పిల్ల కనిపించింది, నడుము లోతు వరదలో మక్క కర్రలను కావలించుకుని ఏడుస్తున్న పిల్ల. దానికి వెనకాల ఆ కేక, మక్కలిడువు వదినా, నన్ను పట్టుకో అని.

మక్కలనూ, నిన్నూ, రెండిటినీ విడవలేదు పిల్లా, అనుకున్నాను, ఇంకో గింజ ఒలుచుకుంటూ.